చిలక తిరిగి చెప్పని మాట

"ఏమండీ, కాస్త నా సంచీని వదిలిపెడతారా?"

ఆ మాట వినపడేసరికి ఆమె ముప్పై ఏడో ముడి బిగిస్తోంది. తలెత్తి చూసింది. ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ బట్టల్లో ఒకతను నిలబడి ఉన్నాడు. అతని భుజానికి సంచీ వేలాడుతోంది. సంచీకి కుర్చీ వేలాడుతోంది.

"మీ సంచీని నేనెందుకు పట్టుకుంటాను?" అంది ఆమె.

"పట్టుకోలేదు. కట్టేశారు."

అప్పుడు చూసుకుంది. గుండె, ఛాతీ ఆపరేషన్ల విభాగంలో రెసిడెంట్‌గా చేరి ఆ రోజుకి మూడో రోజు. ముడి వేయడం చేతికి అలవాటు కావాలంటే కనపడిన ప్రతిదానికీ వేస్తూ ఉండాలని సీనియర్లు చెప్పారు. టీ గదిలో పక్క కుర్చీ వీపున ఒక పట్టీ కనపడితే, కుర్చీదే కదా అని దారం చుట్టి ముడి మీద ముడి వేసుకుంటూ పోయింది. ఆ పట్టీ కుర్చీది కాదు, సంచీది. ఆ సంచీ ఇదిగో, ఈయనది.

"అయ్యయ్యో, సారీ అండీ! కత్తెర తెస్తాను, ఉండండి."

"ఉండక ఎక్కడికి పోతాను? కుర్చీతో సహా బయటికెళ్తే దొంగ అంటారు."

టీ గదంతా ఘొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పరుగున వెళ్లి కత్తెర తెచ్చింది గానీ, అది కుడిచేతివాళ్ల కోసం చేసిన కత్తెర. ఆమెది ఎడమచేతివాటం. దారం తెగకుండా రెండు రేకుల మధ్య నలుగుతోంది. అతను కాసేపు చూసి, కత్తెర మెల్లగా తీసుకున్నాడు. కోయబోతూ ఆగి, వంగి ముడుల వరసని వింతగా చూశాడు.

"ఇవి ఎడమ చేత్తో వేసినవా?"

"మీకెలా తెలుసు?"

"మెలిక అటు తిరిగింది కదా."

కుర్చీ వైపు దారం ఒక్కటే కోసి, సంచీ విడిపించుకున్నాడు. ముడులు మాత్రం పట్టీకి అలాగే ఉన్నాయి. "గట్టిగానే ఉన్నాయి," అనేసి వెళ్లిపోయాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆమెకు సాయంత్రం దాకా తేలలేదు.

అతన్ని ఆసుపత్రిలో అందరూ చిలక అంటారు. ఎందుకంటారో మర్నాడు థియేటర్‌లో తెలిసింది.

గుండెని బాగుచేయాలంటే చాలాసార్లు దాన్ని కాసేపు ఆపాలి. అది ఆగినంతసేపూ ఒంట్లో రక్తం తిప్పేది, ఆ రక్తానికి గాలి అందించేది ఒక యంత్రం. అందరూ దాన్ని పంపు అంటారు. పంపు నడిపేది అతనే. సర్జన్ ఒక మాట చెబుతాడు, అతను ఆ మాటని తిరిగి చెబుతాడు.

"పంపు ఆన్," అన్నాడు పెద్దాయన.

"పంపు ఆన్," అంది పంపు వెనకనుంచి గొంతు.

"చల్లబరుచు."

"చల్లబరుస్తున్నాను."

పెద్దాయన ఆ విభాగానికి అధిపతి. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు, చూశామన్నవాళ్లను నమ్మినవాళ్లూ లేరు. థియేటర్ గోడకి ఆయన రాయించిన బోర్డు ఒకటి ఉంది: చెప్పింది తిరిగి చెప్పాలి. తిరిగి వినపడకపోతే ఏదో మెట్టు తప్పినట్టు. ఆగి వెతుక్కోవాలి.

"అంటే, తప్పు చెబితే తప్పని ఎవరూ అనరా?" అని పెద్ద సిస్టర్‌ని అడిగింది ఆమె. పాతికేళ్లుగా పెద్దాయన చేతికి పనిముట్లు అందిస్తున్న మనిషి ఆవిడ.

"అరిస్తే కంగారుపడి ఇంకో తప్పు చేస్తారమ్మా. నోరు మూసుకుంటే బుర్ర తెరుచుకుంటుందని ఆయన లెక్క. ప్రాణం మీదికొస్తే మాత్రం అందరం అరుస్తాం. అందరికన్నా ముందు నేను అరుస్తాను, నా గొంతు నువ్వింకా వినలేదు."

కొత్తవాళ్లకి ఆరు నెలల తర్వాత చేతి పరీక్ష ఉంటుందని కూడా సిస్టరే చెప్పింది. నెగ్గితే గుండె దగ్గర దారం పట్టనిస్తారు. లేకపోతే మర్యాదగా మామూలు సర్జరీ విభాగానికి సాగనంపుతారు. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి గుండె బొమ్మ గీసి, ఇది ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయిన నాటినుంచి ఆమెకు వేరే కోరిక లేదు. ఇక్కడినుంచి పంపేస్తే ఎక్కడికి వెళ్లాలో ఆలోచించుకోనే లేదు.

రెండో వారం పెద్దాయన ఆమె చేతిని చూశాడు.

"ఎడమ చెయ్యా?"

"అవును సార్."

"పనిముట్లన్నీ కుడి చేతికి చేసినవే. ఆలోచించుకో."

అంతే అన్నాడు. ఎనిమిది మంది ముందు అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె రెసిడెంట్ల గదిలో కూర్చుని, తన బల్ల కింది సొరుగు పిడికి గడువు దాటిన నల్లదారంతో కసిగా ముడులు వేసింది. కుడి చేత్తో వేస్తే వదులయ్యాయి. ఎడమ చేత్తో వేస్తే ఒకటి అటు, ఒకటి ఇటు జారాయి. ఎవరి మీదో కోపం వచ్చి, దారం అలాగే వదిలేసి వార్డుకి వెళ్లింది.

మర్నాడు పొద్దున సొరుగు పిడికి తన నల్లదారం పక్కనే తెల్లదారం ఉంది.

పది ముడులు. పలకలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. వంగి చూసింది. మెలిక అటు తిరిగింది. ఎడమ చేతి ముడులు!

గదిలో ఎవరూ లేరు. తలుపు తీసి వరండా అటూ ఇటూ చూసింది. నేల తుడిచే ఆయా తప్ప ఎవరూ లేరు. "ఇక్కడికి ఎవరన్నా వచ్చారా?" అంటే, "అందరూ వస్తారు, కాళ్లు మాత్రం ఎవరూ తుడుచుకోరు," అంది ఆయా.

అది మొదలు. ఆమె సాయంత్రం నల్లదారం వేసి వెళ్లేది. తెల్లారేసరికి పక్కన తెల్లదారం. తను ఎక్కడ తడబడిందో అక్కడ ఆ ముడి కాస్త వదులుగా, దారం ఎటునుంచి ఎటు వెళ్లిందో కనపడేలా వేసి ఉండేది. చీటీ లేదు, సంతకం లేదు. ఎవరై ఉంటారు? ఆ ప్రశ్న ఆమెను స్థిమితంగా కూర్చోనివ్వలేదు. సీనియర్లలో ఎడమచేతివాళ్లు లేరు. అయినా సీనియర్లకి సొంత ముడులు వేసుకోడానికే తీరిక లేదు. మెలిక చూడగానే కనిపెట్టిన మనిషి ఈ ఆసుపత్రిలో ఒక్కడే.

నేరుగా అడిగేయవచ్చు. కానీ అడిగితే ఆగిపోతుందేమోనని భయం. అదీగాక అడక్కుండా కనిపెట్టడంలో ఉన్న సరదా అడిగితే ఏముంటుంది?

అలా ఆమె టీ గదిలో చిలక ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది.

"మీరు ఏ చేత్తో రాస్తారు?"

"కుడి చేత్తో."

"మరి కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నారే?"

"కుడి చేతిలో బిస్కెట్ ఉంది కదండీ."

"నిన్న ట్యూబు నొక్కిపెట్టే క్లాంపు ఎడమ చేత్తో వేశారు. నేను చూశాను."

"ట్యూబు ఎడమ పక్కన ఉంది." అతను బిస్కెట్ టీలో ముంచడం ఆపి ఆమెను చూశాడు. "మీరు పోలీసుల్లో చేరబోయి దారి తప్పి ఇటొచ్చారా?"

"ఇటే రావాలనుకున్నాను. చక్కెర ఇలా ఇవ్వండి."

"చక్కెర ఇస్తున్నాను."

"ఇక్కడ కూడా తిరిగి చెప్పాలా?"

"ఎనిమిదేళ్ల అలవాటు. మా అక్కైతే నాతో పడలేక చస్తోంది. వెళ్తూ వెళ్తూ గ్యాస్ కట్టెయ్ అంటుంది. గ్యాస్ కట్టేశాను అంటాను. నిజంగా కట్టేశావా, మాట వరసకి అన్నావా అని మళ్లీ అడుగుతుంది."

"కట్టేస్తారా మరి?"

"కట్టేశాకే అంటాను. చేయనిదాన్ని చేశానని ఈ నోరు అనదు." అతను చాలా మామూలుగా అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట ఎందుకో నచ్చింది.

ఇంకో రోజు అడిగింది, "పంపు వెనకనుంచి మీకేం కనపడుతుంది?"

"మొహాలు కనపడవు. చేతులే. ఎవరిది ఎవరో చేతుల్ని బట్టే చెప్తాను."

"నావి ఎలా ఉంటాయి?"

"మొదట్లో భయపడుతుండేవి." అతను కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడు ఏదో అడుగుతున్నట్టుంటాయి. ఇదేంటి, ఇలా ఎందుకుంది అని."

ఆమె తన చేతుల్ని బల్ల కిందికి దాచేసుకుంది. గుండె డాక్టర్ల గుండె ఝల్లుమనకూడదని ఎక్కడా రాసి లేదు కదా.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ బట్టలు కుడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ వెనక కుట్టుమిషన్ టకటకలాడుతూనే ఉంటుంది.

"చెయ్యి ఎలా ఉందే?" ఇతరుల అమ్మలు తిన్నావా అని అడుగుతారు. ఈవిడ చేతిని అడుగుతుంది.

"ఇదే చెయ్యి అమ్మా. పెద్దాయనకి నచ్చలేదు. నిన్నటినుంచి పక్కన కాదు, ఎదురుగా నిలబడు అన్నారు. శిక్ష కాబోలు."

"ఎదురుగానా?" మిషన్ ఆగింది. "నీకు కుట్టు నేర్పినప్పుడు నా పక్కన కూర్చోబెడితే ఒక్కటీ రాలేదు, గుర్తుందా? ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసినట్టు చూసి వారంలో నేర్చేసుకున్నావు. ఆయన చేసింది శిక్ష ఎలా అవుతుందే?"

ఆమె దాన్ని అంతగా పట్టించుకోలేదు. తెల్లదారం సంగతి చెప్పింది. చిలక సంగతీ చెప్పింది. ఒకటి చెప్పబోయి ఇంకోటి కూడా చెప్పేసి నాలుక కరుచుకుంది.

"సరేగానీ, ముడుల గురించి రెండు నిమిషాలు చెప్పి చిలక గురించి పావుగంట చెప్పావేంటే?"

"అమ్మా, మిషన్ తొక్కు."

"తొక్కుతున్నానులే," అంది అమ్మ నవ్వుతూ.

అయిదో నెలలో ఒక రోజు ఆపరేషన్ చివరికొచ్చాక పెద్దాయన ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇక నువ్వు చెప్పు," అన్నాడు.

రోగి గుండె మళ్లీ కొట్టుకుంటోంది, బాగానే కొట్టుకుంటోంది. ఇక పంపు తగ్గించుకుంటూ వచ్చి, రక్తం తిప్పే పనిని గుండెకి అప్పగించాలి. రాత్రి వందసార్లు వల్లెవేసుకున్నదే.

"పంపు తగ్గించండి," అంది.

చిలక పలకలేదు.

వినపడలేదేమో అనుకుంది. "పంపు తగ్గించండి."

పంపు తన మానాన తాను తిరుగుతోంది. సిస్టర్ చేతులు గాల్లో ఆగిపోయాయి. మత్తు డాక్టర్ ఆమెనే చూస్తున్నాడు. పెద్దాయన గోడకేసి చూస్తున్నాడు. మెట్టు తప్పింది. ఏ మెట్టు? పంపు ఆగితే రక్తం గుండెకి వస్తుంది, గుండెనుంచి ఊపిరితిత్తులకి వెళ్తుంది. ఊపిరితిత్తులు... అవి ఇంతసేపూ విశ్రాంతిగా ఉన్నాయి! వాటికి గాలి ఇంకా పెట్టనే లేదు!

"వెంటిలేటర్ ఆన్."

"వెంటిలేటర్ ఆన్," అన్నాడు మత్తు డాక్టర్, ఊపిరి వదులుతూ.

"పంపు తగ్గించండి."

"పంపు తగ్గిస్తున్నాను," అంది పంపు వెనక గొంతు. అంత మంచి మాట ఆమె జీవితంలో వినలేదు.

రోగికి ఏమీ కాలేదు, పంపు తిరుగుతూనే ఉంది కదా. అయినా సాయంత్రానికి ఆ భయమంతా కోపమైంది. ఆసుపత్రి వాకిట్లో చిలక దొరికాడు. బయట వాన దంచి కొడుతోంది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు.

"మీరు నోరు తెరిచి ఒక్కమాట చెబితే ఏం పోయేది? అంతమంది ముందు నా పరువు తీశారు."

"చెబితే ఆ మెట్టు నేను ఎక్కించినట్టయ్యేది. మీరు ఎక్కినట్టు కాదు."

"మరి నాకు గుర్తు రాకపోతే?"

"వస్తుందని తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీ చేతులు ఆగాయి కదా. తెలియనివాళ్ల చేతులు ఆగవు, కంగారుగా ఏదో ఒకటి చేస్తుంటాయి. ఇంకో పది సెకన్లు చూసి, అప్పటికీ రాకపోతే అరిచేవాణ్ని. మా అందరికన్నా ముందు సిస్టర్ అరిచేది."

ఆమెకు తిట్టడానికి ఇంకా నాలుగు మాటలు మిగిలి ఉన్నాయి. వాటిని మింగేసి వానకేసి తిరిగింది. వాన జల్లు ఇద్దరి బూట్లనీ తడుపుతోంది. అతను జరిగి, జల్లు పడని చోటు ఆమెకు వదిలి, తను తడుస్తూ నిలబడ్డాడు.

పరీక్ష రోజు వచ్చింది. పెద్దాయన బల్ల మీద ఒక కాగితం కప్పు పెట్టాడు. కప్పు అడుగున చిన్న కొక్కెం అతికించి ఉంది.

"కొక్కేనికి పది ముడులు. కప్పు కదిలితే గుండె చినిగినట్టు లెక్క. మొదలుపెట్టు."

గదిలో పెద్ద సిస్టర్, ఇద్దరు సీనియర్లు. ఆమె కుడి చేత్తో మొదలుపెట్టింది. పనిముట్లన్నీ కుడి చేతికి చేసినవే అన్నాడుగా మరి. ఒకటి, రెండు బాగానే పడ్డాయి. మూడో ముడికి కప్పు ఒక పక్కకి లేచి టప్పున పడింది.

అయిపోయింది అనుకుంది. ఆరు నెలలూ, అమ్మ కుట్టిన తెల్ల కోటూ, ఇంటర్‌లో గీసిన ఆ గుండె బొమ్మా అన్నీ ఆ కప్పుతోపాటు పడిపోయాయి అనుకుంది. కానీ పెద్దాయన 'వెళ్లు' అనలేదు. ఏమీ అనలేదు. ఆ గదిలో మౌనానికి అర్థం ఏమిటో అప్పటికి ఆమెకు బాగా తెలుసు.

ఏ మెట్టు? ఆయన చూపు వెంట చూసింది. ఆయన ఆమె ఎడమ చేతిని చూస్తున్నాడు.

"మళ్లీ మొదలుపెట్టొచ్చా సార్?"

"మళ్లీ మొదలు," అన్నాడు పెద్దాయన.

దారం ఎడమ చేతికి మార్చుకుంది. కళ్ల ముందు సొరుగు పిడి, తెల్లదారం. దారం ఎటునుంచి ఎటు వెళ్లాలో వేళ్లకే తెలిసింది. ఒకటి. రెండు. మూడు. కప్పు కదల్లేదు. పదోది బిగించి చేతులు తీసేవరకు కదల్లేదు.

"రేపు ఏడున్నరకి థియేటర్‌కి రా," అనేసి పెద్దాయన వెళ్లిపోయాడు. పెద్ద సిస్టర్ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. అప్పటికి గానీ తను నెగ్గినట్టు ఆమెకు అర్థం కాలేదు.

పరుగు. రెండంతస్తుల మెట్లు దిగి, పంపు గదికి. చిలక మర్నాటి కేసుకి ట్యూబులు బిగించుకుంటున్నాడు.

"నెగ్గాను!"

"నెగ్గారు!" అతని మొహమంతా నవ్వు.

ఇంక ఆగలేదు. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "నాకు అన్నీ తెలుసు. ఆరు నెలలనుంచి తెలుసు, కావాలనే అడగలేదు. ఆ తెల్లదారం ముడులు లేకపోతే నేనివాళ ఇక్కడ లేను. ఎవరికీ చెప్పకుండా రోజూ అలా వేసి పెట్టారు చూడండీ, అందుకే... మీరంటే నాకిష్టం."

చిలక పలకలేదు.

కిటికీ అవతల వాన మొదలైంది. అతని చేతిలో ట్యూబు అలాగే ఉంది. అయిదు సెకన్లు. పది సెకన్లు.

"ఏ ముడులండీ?" అన్నాడు మెల్లగా.

"సొరుగు పిడికి. తెల్లదారం. ఎడమ చేతివి."

అతను ట్యూబు కింద పెట్టాడు. ఏదో లెక్క కుదిరినట్టు ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచాడు. "అవి నావి కావు."

"కావా?"

"నాకు ముడులు చూడటమే గానీ వేయడం రాదు. ఆ సొరుగేదో కూడా తెలీదు. కానీ ఈ ఆసుపత్రిలో ఎడమ చేతి మనిషి ఇంకొకరు ఉన్నారు. గది తలుపేసుకుని ఒక్కరే ఉన్నప్పుడు ఎడమ చేత్తో రాస్తారు. ఒకసారి కాగితాల మీద సంతకానికని వెళ్లి చూశాను. చూసినట్టు ఆయనకి తెలీదు."

"ఎవరు?"

"పెద్దాయన."

ఆమె గోడకి ఆనుకుంది. ఆరు నెలల అపరాధ పరిశోధన అంతా పప్పులో కాలేసినట్టు తేలింది. "అవునని ఒక్కమాట అంటే సరిపోయేది కదా," అంది చివరికి. "నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"వేయనివి వేశానని ఎలా అంటానండీ?" అతను నేలకేసి చూస్తూ అన్నాడు. "మీరు ఇష్టపడింది ఆ ముడులు వేసినవాళ్లని. నేను వేయలేదు. అది చెప్పకుండా మీ మాట తిరిగి చెబితే..." పూర్తి చేయలేదు.

"నేను ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోవాలి," అన్నాడతను, అలవాటు చొప్పున. కింద పెట్టిన ట్యూబు మళ్లీ అందుకున్నాడు.

పెద్దాయన గది తలుపు ఓరగా ఉంది. ఆయన రాసుకుంటున్నాడు, ఎడమ చేత్తో. ఆమెను చూసి కలం గబుక్కున కుడి చేతిలోకి మార్చాడు. బల్ల మీద తెల్లదారం రీలు ఉంది. దాన్ని దాచడానికి మాత్రం వ్యవధి చిక్కలేదు.

ఆమె ఆ రీలు చేతిలోకి తీసుకుంది.

"ఎందుకు చెప్పలేదు సార్?"

"చెబితే నన్ను చూసి వేసేదానివి. చెప్పలేదు కాబట్టి ముడిని చూసి వేశావు." కలం మూత పెట్టాడు. "నేను నేర్చుకునే రోజుల్లో మా గురువు నా ఎడమ చేతిని ఆపరేషన్ గౌనుకి కట్టేయించాడు. నాలుగేళ్లు. కుడి చెయ్యి బాగానే తయారైంది. కానీ ఎడమ చెయ్యి ఎంత దూరం వెళ్లగలిగేదో నాకు ఎప్పటికీ తెలీదు. అది చూడాలనిపించింది."

"మరి అందరి ముందూ అలా అన్నారు..."

"ఆలోచించుకో అన్నాను. మానుకో అనలేదే?"

అమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎదురుగా నిలబెట్టింది కూడా అందుకేనన్నమాట. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన ఇబ్బందిగా కాగితాలు సర్దుకున్నాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంటే, "ఏం? ఇంకేదైనా మెట్టు మర్చిపోయావా?" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ముడులు లెక్కలోంచి తీసేస్తే చిలక దగ్గర ఏం మిగిలింది? వాన జల్లు పడని చోటు మిగిలింది. తన చేతులు ఏదో అడుగుతాయని కనిపెట్టిన చూపు మిగిలింది. ఇందాక ఒక్క 'అవును'తో దక్కేదాన్ని వద్దనుకున్న నోరు మిగిలింది. అమ్మకి పావుగంట చెప్పింది ఇదంతానే కదా, ముడుల గురించి కాదు కదా.

"అవును సార్. ఒకటి మర్చిపోయాను," అంది.

పెద్దాయన పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వాడని ఆమె తర్వాత ఎంతమందికి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

పంపు గదిలో చిలక ట్యూబులు బిగించడం అయిపోయింది. దీపం ఆర్పబోతూ ఆమెను చూసి ఆగాడు. సంచీ తలుపు వెనక కొక్కేనికి ఉంది. దాని పట్టీ మీద నల్లగా ఏదో కనిపించి ఆమె దగ్గరికి వెళ్లింది. వరసగా, కొంచెం వంకరగా, ఒకటి అటు, ఒకటి ఇటు జారిన ముడులు. లెక్కపెట్టింది. ముప్పై ఏడు.

"వీటిని తీసేయలేదా?"

"గట్టిగా ఉన్నాయన్నాను కదా."

"ఆరు నెలలనుంచీ?"

"ఆరు నెలలనుంచీ."

ఆమె ఆ ముడుల మీదినుంచి వేలు తీయకుండానే అతని వైపు తిరిగింది. "ఇందాక చెప్పినదాంట్లో ఒక తప్పుంది. ముడుల సంగతి తీసేస్తున్నాను. ఆ లెక్క పెద్దాయనతో తేలిపోయింది. మిగిలింది మళ్లీ చెప్తాను. జాగ్రత్తగా వినండి."

"వింటున్నాను."

"మీరంటే నాకిష్టం."

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఈసారి ఆమె ఏ మెట్టు తప్పిందోనని వెతుక్కోలేదు.

"మీరంటే నాకిష్టం," అన్నాడు చిలక.

చేయనిదాన్ని చేశానని ఆ నోరు అనదని ఆమెకు తెలుసు. అయినా తెలుసుకోవాలన్న బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"కుర్చీ తగిలించుకుని నిలబడ్డప్పటినుంచి," అన్నాడు.